సామాన్ల జాబితాలో మనుషుల పేర్లు

అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, న్యూ ఆర్లీన్స్ నుంచి పడమటి వైపు గంట సేపు కారులో వెళ్తే మిసిసిపీ నది గట్టును ఆనుకుని ఒక రోడ్డు వస్తుంది. రివర్ రోడ్ అంటారు. ఒకప్పుడు ఈ గట్టు పొడవునా చెరకు ప్లాంటేషన్లే. ఇప్పుడు వాటి స్థలాల్లో రసాయన ఫ్యాక్టరీలు లేచాయి. పాత ఇళ్లు కొన్ని మాత్రం మిగిలి, మ్యూజియంలుగానో హోటళ్లుగానో నడుస్తున్నాయి. హ్యూస్టన్, డాలస్ వైపు ఉండే తెలుగు కుటుంబాలు లాంగ్ వీకెండ్‌కి న్యూ ఆర్లీన్స్ వెళ్తే, వీటిలో ఒకదాని దగ్గర ఆగి పెద్ద ఓక్ చెట్ల కింద ఫోటోలు దిగి రావడం మామూలే. మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు మేమూ ఆగాం. మేం చూసింది విట్నీ ప్లాంటేషన్.

"పాత ఇంటిని బాగుచేసి మ్యూజియం చేశారు" అని మనం తేలిగ్గా అనేస్తాం. కాస్త ఆగి ఆలోచిస్తే ఆ మాటలోనే బోలెడు చిక్కులున్నాయి. ఏ సంవత్సరంలో ఉన్నట్టుగా బాగుచేశారు? ఎవరు పడుకున్న గదిని నిలబెట్టారు, ఎవరు పడుకున్న గదిని కూలిపోనిచ్చారు? ఫలానా మంచం ఈ గదిలోనే ఉండేదని వాళ్లకు ఎలా తెలిసింది?

నేను ఆ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా చిక్కుముళ్ల కొస అక్కడే ఉంది. ప్లాంటేషన్ యజమాని చనిపోతే ఆస్తి పంపకాల కోసం ఒక నోటరీ వచ్చేవాడు. సాక్షులను వెంటబెట్టుకుని, గది గదీ తిరిగి ఉన్నవన్నీ రాసుకునేవాడు. మంచాలు, అద్దాలు, బల్లలు, వెండి చెంచాలు, ఎడ్లు, బళ్లు. ప్రతిదానికీ ఎదురుగా ఒక ధర. పాత ఇళ్లను బాగుచేసే నిపుణులకు ఈ జాబితా దొరికితే పండగే. ఏ గదిలో ఏ సామాను ఉండేదో అందులో కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

అదే జాబితాలో, ఎడ్లకు కాస్త ముందో వెనకో, బానిసలుగా ఉంచిన మనుషులు ఉంటారు. పేరు, వయసు, ఏ పని వచ్చు, ఏ జబ్బుంది, ఎంత ధర. అదే చేతిరాత, అదే సిరా. చాలా ప్లాంటేషన్ మ్యూజియంలు దశాబ్దాల తరబడి మంచాల పేజీ శ్రద్ధగా చదివి, మనుషుల పేజీ తిప్పేశాయి. ఈ ఇళ్ల చుట్టూ ఇన్నేళ్లుగా నడుస్తున్న గొడవంతా నా దృష్టిలో ఆ తిప్పేసిన పేజీ గురించే.

ముందు ఒక మాట సంగతి తేల్చుకోవాలి. ప్లాంటేషన్‌ని మనం తెలుగులో "తోట" అంటాం. చెరకు తోట, తేయాకు తోట, కాఫీ తోట. తోట అనగానే మనకు నీడ, పచ్చదనం, కాయలు గుర్తొస్తాయి. లూసియానా చెరకు ప్లాంటేషన్ అలాంటిది కాదు. అది పొలమూ ఫ్యాక్టరీ కలిసిన వ్యాపారం. గానుగ అక్కడే, పొయ్యిలు అక్కడే, చక్కెర తయారై పీపాల్లోకి ఎక్కేది అక్కడే, ఎదురుగా నదిలో పడవ సిద్ధం. ఆ ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్లను కొని తెచ్చేవారు. దొర ఉండే పెద్ద ఇల్లు ఆ మొత్తంలో చాలా చిన్న భాగం. మనం మాత్రం ఆ చిన్న భాగాన్నే టికెట్ కొని చూస్తాం.

అనకాపల్లి దగ్గర పుట్టినవాణ్ణి కనుక చెరకు పని అంటే ఏమిటో నాకు కొంత తెలుసు. గానుగ ఆడే రోజుల్లో పొయ్యి దగ్గర నిలబడితే ముఖం మాడిపోతుంది. పెనంలో రసం మరుగుతుంటే మడ్డి తీస్తూ ఉండాలి, పిప్పి ఎగదోస్తూ ఉండాలి, పాకం అదను తప్పితే బెల్లం చెడిపోతుంది. పాకం చేతిమీద చిందితే చర్మం ఊడి వస్తుంది. విట్నీ ఆవరణలో పెద్ద పెద్ద ఇనప బానలు పెట్టారు. మా వాళ్లంతా అవేమిటో అని చూస్తుంటే, నాకు మాత్రం దూరం నుంచే అర్థమైపోయింది. అవి రసం కాచే బానలు. నాలుగైదు బానలను పెద్దదాని నుంచి చిన్నదానికి వరసగా ఒకే పొడవాటి పొయ్యి మీద పెట్టేవారు. మరిగే రసాన్ని పొడుగాటి గరిటెలతో ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తోడుతూ చివరి చిన్న బానలో పాకానికి తెచ్చేవారు.

మా ఊళ్లో అది కొద్ది వారాల పని, ఇంటి మనుషుల పని. ఇక్కడ వేరు. లూసియానాలో చలికాలం మంచు పడుతుంది. మంచు పడితే చెరకు పాడైపోతుంది. కొట్టిన చెరకును వెంటనే ఆడకపోతే రసం పులుస్తుంది. కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గానుగ రాత్రీ పగలూ ఆగకూడదు. రోజుకు పదహారు, పద్దెనిమిది గంటల పని. నిద్ర తూగితే చెయ్యి రోలర్లలో పడుతుంది. అమెరికాలో బానిసత్వంలో ఉన్న వాళ్లందరిలోకీ చెరకు ప్లాంటేషన్ల వాళ్ల ఆయుష్షు తక్కువ. అక్కడ పుట్టేవాళ్ల కంటే చనిపోయేవాళ్లే ఎక్కువ. ఆ లోటు భర్తీ చేయడానికి ఏటా కొత్త మనుషులను కొనేవారు. 1808లో బయటి దేశాల నుంచి బానిసల దిగుమతిని అమెరికా నిషేధించాక, వర్జీనియా, మేరీల్యాండ్ లాంటి పాత రాష్ట్రాల నుంచి పిల్లల్ని తల్లుల దగ్గర విడదీసి మరీ న్యూ ఆర్లీన్స్ మార్కెట్‌కు తెచ్చేవారు. ఆ పెద్ద ఇంటి వరండా స్తంభాలు నిలబడింది ఈ లెక్క మీద.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఈ బానల పద్ధతిని మార్చినవాడు నార్బర్ట్ రిలియు అనే న్యూ ఆర్లీన్స్ ఇంజనీరు. నల్లజాతి తల్లికి, తెల్ల తండ్రికి పుట్టిన స్వతంత్రుడు. ఒక పాత్రలో పుట్టిన ఆవిరితోనే, గాలి ఒత్తిడి తగ్గించిన ఇంకో పాత్రలో రసాన్ని మరిగించే యంత్రానికి ఆయన 1843లో పేటెంటు తీసుకున్నాడు. మన చక్కెర ఫ్యాక్టరీల్లో ఈరోజుకీ ఎవాపరేటర్లు పనిచేసేది ఆ సూత్రం మీదే. కాఫీలో చక్కెర వేసుకునేటప్పుడు ఆయన్ని తలుచుకునేవాళ్లు ఎందరుంటారు?

విట్నీ కథకు వస్తాను. ఆంబ్రోస్ హైడెల్ అనే జర్మన్ వలసదారుడు 1752లో ఈ భూమి కొన్నాడు. మొదట నీలిమందు పండించేవారు. 1795లో ఎతియెన్ ద బోరే అనే ఆయన న్యూ ఆర్లీన్స్ దగ్గర చక్కెరను పలుకులుగా గట్టిపరచి లాభం చూపించాడు. అదే సమయానికి హైతీలో బానిసల తిరుగుబాటుతో అక్కడి చక్కెర వ్యాపారం కుప్పకూలింది. దాంతో లూసియానా గట్టంతా చెరకు వైపు మళ్లింది. హైడెల్ కుటుంబమూ మళ్లింది. ఆ కుటుంబంలో చివరిగా ప్లాంటేషన్ నడిపింది మారీ అజెలీ అనే వితంతువు. 1840 నుంచి 1860 దాకా ఆమెదే పెత్తనం. ఆమె కాలంలో ఒక్క సీజన్‌లోనే 4 లక్షల పౌండ్లకు పైగా చక్కెర తీశారు. 1860లో చనిపోయేనాటికి ఆమె కింద 101 మంది బానిసత్వంలో ఉన్నారు. అంతర్యుద్ధం ముగిశాక 1867లో బ్రాడిష్ జాన్సన్ అనే వ్యాపారి దీన్ని కొని, మనవడి ఇంటిపేరు పెట్టాడు. విట్నీ అనే పేరు అలా వచ్చింది. వందేళ్లకు పైగా ఇక్కడ ఒళ్లు హూనం చేసుకున్న వాళ్లలో ఏ ఒక్కరి పేరూ ఈ నేలకు లేదు.

ఇంటి మాటకొస్తే, అది అందమైన ఇల్లే. అలా అనకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది. కింది అంతస్తు ఇటుక. పై అంతస్తులో కర్రల చట్రం మధ్య మట్టి మెత్తారు. మన వాళ్లు మట్టిలో వరిగడ్డి కలిపి గోడ పెట్టినట్టే, వాళ్లు చెట్లకు జడల్లా వేలాడే స్పానిష్ మాస్‌ను మట్టిలో కలిపారు. మధ్యలో నడవా ఉండదు, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవడమే. ముందూ వెనకా పొడవాటి వరండాలు. లోపల గోడల మీద, పైకప్పు మీద రంగుల బొమ్మలు. వేడి దేశపు ఇల్లు ఎలా ఉండాలో అలా ఉంది. వరండాలో నిలబడితే నది వైపు నుంచి గాలి వస్తుంది. ఆ గాలి బాగుందనిపించిన క్షణంలోనే, ఎవరి కోసం ఇంత చల్లగా కట్టారన్న ఆలోచనా వచ్చింది.

1990ల మొదట్లో ఒక పెద్ద ప్లాస్టిక్ కంపెనీ ఇక్కడ ఫ్యాక్టరీ కట్టాలని చూసింది. స్థానికులు, పర్యావరణ సంఘాల వాళ్లు అడ్డుపడ్డారు. 1999లో జాన్ కమింగ్స్ అనే న్యూ ఆర్లీన్స్ లాయరు ఈ స్థలం కొన్నాడు. ఆస్తిగా కొన్నాడు కానీ, చరిత్ర చదవడం మొదలుపెట్టాక మనసు మారింది. సొంత డబ్బు 80 లక్షల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి, సెనెగల్ నుంచి వచ్చిన చరిత్రకారుడు ఇబ్రహీమా సెక్‌ను తోడు పెట్టుకుని, 2014 డిసెంబరులో మ్యూజియం తెరిచాడు. తర్వాత 2019లో దాన్ని లాభాపేక్ష లేని సంస్థకు అప్పగించేశాడు. లూసియానాలో పూర్తిగా బానిసత్వం గురించే చెప్పడానికి నిలబెట్టిన మొదటి ప్లాంటేషన్ మ్యూజియం ఇదే.

చిక్కు ఇక్కడ మొదలవుతుంది. బానిసత్వంలో ఉన్నవాళ్లు బతికిన చెక్క గుడిసెలను క్యాబిన్లు అంటారు. ఇక్కడి క్యాబిన్లలో చాలావరకు కూల్చేశారు, అదీ ఎప్పుడో కాదు, 1970ల్లో. బానిసత్వం 1865లో పోయినా, కూలీలు ఆ క్యాబిన్లలోనే 1970ల దాకా బతికారు. ఇప్పుడు ఆవరణలో కనిపించే క్యాబిన్లలో వేరే ప్లాంటేషన్ నుంచి తెచ్చి పెట్టినవి ఉన్నాయి. చెక్క చర్చి ఒకటుంది. అది స్వేచ్ఛ పొందిన వాళ్లు తమ కోసం కట్టుకున్నది. దాన్నీ వేరేచోటు నుంచి తెచ్చారు. పిల్లల విగ్రహాలున్నాయి, అవి ఈ కాలపు శిల్పి ఉడ్రో నాష్ చేసినవి. "ఇందులో అసలుదెంత, తెచ్చిపెట్టిందెంత? మ్యూజియం అంటే ఉన్నది ఉన్నట్టు చూపించాలి కదా" అని మా అల్లుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

నేనిచ్చే జవాబు ఇది. దొర ఇల్లు గట్టిగా కట్టారు కనుక మిగిలింది. క్యాబిన్లు చవక చెక్కతో కట్టారు కనుక, ఎవరికీ అక్కర్లేదు కనుక పోయాయి. ఏది మిగిలిందో దాన్నే చూపిస్తానంటే, దొరల చేతిలో ఉన్న ఎంపికను మనమూ ఒప్పుకున్నట్టే. పైగా పక్కనున్న మిగతా ఇళ్లలో కూడా అన్నీ అసలువి కావు. వేలంలో కొన్న మంచాలు, ఆ కాలం నాటివే అయినా ఆ ఇంటివి కాని అద్దాలు చాలా చోట్ల ఉంటాయి. వాటిని ఎవరూ ప్రశ్నించరు. ఒకటి మాత్రం తప్పనిసరి. ఏది ఇక్కడిదో, ఏది తెచ్చిందో చూసేవాళ్లకు స్పష్టంగా చెప్పాలి. అది చెప్పినంతవరకు తెచ్చిన క్యాబిన్ నాకు మోసం అనిపించలేదు.

విగ్రహాలు పిల్లలవే ఎందుకు? దీనికి వెనక మంచి కారణం ఉంది. 1936 నుంచి 1938 దాకా అమెరికా ప్రభుత్వం నిరుద్యోగ రచయితలకు పని కల్పిస్తూ, బానిసత్వం చూసి బతికి ఉన్న వాళ్ల దగ్గరకు పంపింది. 17 రాష్ట్రాల్లో 2,300కు పైగా జ్ఞాపకాలు నమోదయ్యాయి. అప్పటికి వాళ్లంతా ఎనభై, తొంభై ఏళ్ల ముసలివాళ్లు. అంటే విడుదలయ్యేనాటికి పిల్లలు. వాళ్లు చెప్పినవన్నీ పిల్లల కళ్లతో చూసినవి: అమ్మ ఏడుపు, ఆకలి, ఎవరినో బండిలో తీసుకుపోవడం. అందుకే చర్చిలో బల్లల పక్కన, వరండా మీద, నేల మీద ఆ పిల్లలు నిలబడి, కూర్చుని ఉంటారు. చూడటానికి వచ్చిన మనవైపే చూస్తూ ఉంటారు. ఆ జ్ఞాపకాలను కూడా జాగ్రత్తగా చదవాలి. అడిగినవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు, జవాబు చెప్పినవాళ్లు తెల్లవాళ్లంటే భయం పోని పేదలు. ఎంత చెప్పారో అంతకంటే ఎక్కువ మింగి ఉంటారు.

ఇప్పుడు మళ్లీ జాబితా దగ్గరికి. గ్వెండొలిన్ మిడ్లో హాల్ అనే చరిత్రకారిణి 1980ల్లో లూసియానా కోర్టుల్లో మూలుగుతున్న ఈ పాత నోటరీ కాగితాలను తెరిచి చదవడం మొదలుపెట్టారు. లూసియానా ఫ్రెంచి, స్పానిష్ పాలనలో ఉన్నప్పుడు అక్కడి నోటరీలు ఇంగ్లీషు రాష్ట్రాల వాళ్ల కంటే ఎక్కువ వివరాలు రాసేవారు. ఆ మనిషిది ఆఫ్రికాలో ఏ జాతి, ఏ భాష, ఏ చేతిపని వచ్చు, ఎవరి బిడ్డ, పారిపోయాడా లేదా. కొనేవాడికి పనికొస్తుందని రాసిన వివరాలు అవి. ఆమె ఆ వివరాలనే కూడబెట్టి, ఏళ్ల తరబడి కూర్చుని, లక్ష మందికి పైగా పేర్లతో ఒక డేటాబేస్ తయారుచేశారు. విట్నీలో ఆమె పేరు పెట్టిన గోడల మీద 1,07,000 పేర్లు చెక్కారు. మరో గోడ మీద ఈ ఒక్క ప్లాంటేషన్‌లోనే పనిచేసిన 350 మందికి పైగా పేర్లు. చాలావాటికి ఇంటిపేర్లు లేవు. ఉత్త పేరు, దాని పక్కన దొరికితే పుట్టిన చోటు. మనిషిని అమ్మడానికి రాసిన కాగితమే ఆ మనిషి ఉన్నాడని చెప్పే ఏకైక సాక్ష్యమవ్వడం ఎంత బాధగా ఉంటుందో, ఆ గోడ ముందు నిలబడితే తప్ప నాకు అర్థం కాలేదు.

పక్కనే పిల్లల సమాధి తోట లాంటి చోటు ఉంది. ఈ పారిష్‌లో, అంటే మన తాలూకా లాంటి పరిధిలో, బానిసత్వంలో పుట్టి చనిపోయిన 2,200 మంది పిల్లల పేర్లు చర్చి రికార్డుల నుంచి తీసి చెక్కారు. ఎక్కువమంది మూడేళ్లు నిండనివాళ్లు. మధ్యలో ఒక నల్లజాతి దేవదూత విగ్రహం ఒక పసిబిడ్డను ఎత్తుకుని ఉంటుంది. మా ఆవిడ అక్కణ్ణుంచి ముందుకు రాలేకపోయింది. ఆవిడ పక్కనే నేనూ నిలబడిపోయాను.

జాబితాలో ఉన్నవాళ్లు ఊరుకుని ఉండలేదు. 1811 జనవరి 8న, నదికి అవతలి గట్టున మాన్యుయల్ ఆండ్రీ ప్లాంటేషన్‌లో చార్ల్స్ డెలాండ్ నాయకత్వంలో తిరుగుబాటు లేచింది. చెరకు కత్తులు, గొడ్డళ్లు పట్టుకుని, దారిలో ఒక్కో ప్లాంటేషన్ నుంచి మనుషులు కలుస్తుండగా న్యూ ఆర్లీన్స్ వైపు నడిచారు. కొన్ని వందల మంది. రెండు రోజుల్లో అణిచేశారు. సుమారు 95 మందిని చంపారు. చాలామంది తలలు నరికి, మిగతావాళ్లు చూసేలా గట్టు పొడవునా కర్రలకు గుచ్చారు. అమెరికా చరిత్రలో అతిపెద్ద బానిసల తిరుగుబాట్లలో ఇదొకటి. అయినా ఆ గట్టు మీదే ఉన్న మ్యూజియం ఇళ్లలో చాలాకాలం దీని ఊసు లేదు. విట్నీలో ఆ తలలను మట్టితో చేసి ఇనప ఊచల మీద నిలబెట్టారు. చిన్న పిల్లలతో వెళ్లేవాళ్లు ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది.

మిగతా ఇళ్లలో చాలాకాలం గైడ్లు పాత కాలపు గౌన్లు వేసుకుని, "సేవకులు" అనే మాటతో పని కానిచ్చేవారు. వంట ఎవరో వండారు, గిన్నెలు ఎవరో తోమారు. వాక్యంలో కర్త ఉండేవాడు కాదు. ఇప్పుడు మార్పు వస్తోంది. ఓక్ ఆలీ అనే ప్రసిద్ధ ఇంట్లో, పెకాన్ చెట్టుకు అంటు కట్టి పలచని పెంకు కాయలు కాయించిన ఆంట్వాన్ అనే తోటమాలి గురించి చెప్తున్నారు. ఆయన అక్కడ బానిసగా ఉన్నవాడు. వర్జీనియాలో అమెరికా మాజీ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లోలో, ఆయన బానిసగా ఉంచి, పిల్లల్ని కన్న శాలీ హెమింగ్స్ గురించిన గదిని 2018లో తెరిచారు. 2019లో పింటరెస్ట్ లాంటి ఇంటర్నెట్ సంస్థలు ప్లాంటేషన్ పెళ్లిళ్లకు ప్రచారం తగ్గిస్తామని ప్రకటించాయి. 2025 మేలో లూసియానాలోనే నాటోవే అనే బ్రహ్మాండమైన ప్లాంటేషన్ ఇల్లు కాలిపోయినప్పుడు కొందరు ఏడ్చారు, కొందరు సంబరపడ్డారు. రిసార్టుగా, పెళ్లి మండపంగా నడిచిన ఇల్లు అది. ఆ సంబరం నాకు అర్థమవుతుంది. కానీ కాలిపోయిన ఇల్లు ఇక ఏమీ చెప్పలేదు. వడ్రంగుల, తాపీ మేస్త్రీల చేతిపని కూడా దానితోపాటే పోయింది. ఆ చేతులు ఎవరివో మనకు తెలుసు. ఇల్లు నిలబడాలి, కానీ నోరు విప్పి నిజం చెప్తూ నిలబడాలి.

ఇదంతా చదువుతూ, మనకెందుకు ఈ గోల అనుకునేవాళ్లుంటారు. చక్కెర మనల్నీ వదల్లేదు. బ్రిటిష్ సామ్రాజ్యంలో 1834లో బానిసత్వం రద్దు మొదలయ్యాక చెరకు దొరలకు కూలీల కరువొచ్చింది. అప్పుడు వాళ్ల చూపు మన దేశం మీద పడింది. కోరింగ రేవు నుంచి, విశాఖపట్నం, గంజాం వైపు నుంచి తెలుగువాళ్లు మారిషస్ వెళ్లారు. 1860 నవంబరులో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి 342 మందితో చేరింది. అందులోనూ తెలుగువాళ్లున్నారు. తర్వాత ఫిజీ. దళారులు ఏం చెప్పి ఎక్కించారో, వాళ్లు ఏం అనుకుని ఎక్కారో!

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. ఒప్పంద కూలీ, బానిస ఒకటి కాదు. మన వాళ్లను సంతలో అమ్మలేదు, పుట్టిన బిడ్డ దొర ఆస్తి కాలేదు. ఐదేళ్ల ఒప్పందం, ఎంత తక్కువైనా ఒక జీతం, తిరిగొచ్చే అవకాశం ఉన్నాయి. కొరడా దెబ్బలు, కోసిన జీతాలు, అనుమతి లేకుండా గేటు దాటితే జైలు కూడా ఉన్నాయి. రెండూ ఒకటే అంటే ఆఫ్రికా వాళ్ల బాధను తక్కువ చేసినట్టు. రెంటికీ సంబంధమే లేదంటే మన వాళ్ల బాధను దాచినట్టు. ఒకరు వదిలిన క్యాబిన్లలోకి ఇంకొకరు వచ్చి చేరిన కథ ఇది.

మన వాళ్ల పేర్లూ జాబితాల వల్లే మిగిలాయి. ఓడ ఎక్కేటప్పుడు ఒక గుమాస్తా పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, ఒంటి మీద మచ్చలు రాసుకుని ఒక నంబరు ఇచ్చేవాడు. మారిషస్‌లో మోకా దగ్గరున్న మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ రికార్డులు, కొందరి ఫోటోలతో సహా భద్రంగా ఉన్నాయి. తెలుగు రాని మనవలు, మునిమనవలు వచ్చి, గుమాస్తా తనకు వినిపించినట్టు రాసిన స్పెల్లింగులోంచి తమ ఊరి పేరు పట్టుకోవాలని ప్రయత్నిస్తారు. విట్నీ గోడ మీద పేర్లను వేలితో తడుముతున్న ఒక నల్లజాతి కుటుంబాన్ని చూసినప్పుడు నాకు వాళ్లే గుర్తొచ్చారు.

ఆ గోడ మీది పేర్ల వెనక నడిచి వచ్చిన వంశాలున్నాయి. హైడెల్ ఇంట్లో ఆనా అనే బానిస అమ్మాయికి, యజమానురాలి సోదరుడి వల్ల విక్టర్ అనే కొడుకు పుట్టాడు. ఆ విక్టర్ హైడెల్ వంశంలో పుట్టిన సిబిల్ హైడెల్, న్యూ ఆర్లీన్స్‌కు మొదటి నల్లజాతి మేయర్ అయిన ఎర్నెస్ట్ మోరియల్ భార్య.

నదికి అవతల, 1811లో తిరుగుబాటు మొదలైన ఆండ్రీ ఇల్లు ఇప్పటికీ ఉంది. వుడ్‌ల్యాండ్ అంటారు. 2024లో దాన్ని ఆ ప్రాంతంలో బానిసలుగా బతికిన వాళ్ల వంశం నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లు జాయ్ బానర్, జో బానర్ కొన్నారు. ఆ ఇంటి తాళాలు ఇప్పుడు వాళ్ల దగ్గరున్నాయి. ఏ గదిలో ఏం పెట్టాలో, ఎవరి పేరు ముందు చెప్పాలో ఈసారి వాళ్లే నిర్ణయిస్తారు.